లెసోతో వెళ్ళడానికి మా బావ చెప్పిన కారణాలు

ఆఫ్రికాలో మంచు కురుస్తుందని మా బావ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆయన చెప్పేవాటిలో సగం తీసేసి వినాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. తర్వాత స్కూలు అట్లాసు తీసి చూస్తే ఆ దేశం నిజంగానే ఉంది. చుట్టూ దక్షిణాఫ్రికా, మధ్యలో ఇది, ఎటు చూసినా కొండలే. పేరు లెసోతో. నేను అలా చదివితే బావ జాలిగా నవ్వి, "లెసూటూ అనాలి మరదలా" అన్నాడు. సెలవులో వచ్చి నా దగ్గర ఉన్న మూడు రోజుల్లో ఆ పేరు పదిసార్లయినా నా చేత దిద్దించాడు.

బావంటే మా అక్క భర్త. విశాఖపట్నంలో ట్యుటోరియల్లో లెక్కలు చెప్పుకునేవాడు. తొంభైల మొదట్లో ఎవరో పుణ్యాత్ములు సాయం చేస్తే ఆ దేశంలో ఒక మిషన్ స్కూల్లో ఉద్యోగం దొరికింది. వెళ్ళేటప్పుడు పచ్చళ్ళ సీసాలు కట్టించుకుంటూ, "కొండల్లో పడేస్తున్నారు, ఏం తింటానో ఏమో" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి, నాలుగేళ్ళకు సెలవు మీద వచ్చేసరికి ఆ దేశానికే అల్లుడైనట్టు వచ్చాడు.

అప్పటికి నేను అరకు దగ్గర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచర్ని. మాది విజయనగరం అవతల మైదానంలో ఊరు. మా వైపు ఎవరికైనా ఏజెన్సీలో పోస్టింగు వస్తే పలకరించడానికి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. నాకు ఆరేళ్ళయింది. ఆరేళ్ళు వానలు, జలగలు, కరెంటు లేని సాయంత్రాలు. బదిలీకి పెట్టిన అర్జీలు ఏ బీరువాలో మగ్గాయో ఎవరికీ తెలియదు. బావ పనిచేసే మిషన్ స్కూల్లో సైన్సు టీచరు కావాలట. ఆయన సిఫార్సు ఉత్తరం రాస్తే చాలట. ఆ ఉత్తరం కోసం నేను ఆయన్ని మూడు రోజులు భరించాను. లేకపోతే మొదటి పూటకే రైలెక్కించి ఉండేదాన్ని.

అక్కకు సొరంగాల్లో రైలు దూరితే కడుపులో తిప్పుతుందని బావ ఒక్కడే అరకు వచ్చాడు. భుజం మీద రంగురంగుల ఉన్ని దుప్పటి. స్టేషన్లో దిగుతూనే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద సీతాఫలాలు, అడ్డాకులు అమ్ముకునే ఆడవాళ్ళను చుట్టూ తిరిగి దాటాడు. గొంగళి కప్పుకుని బీడీ కాలుస్తున్న ముసలాయన్ని చూసి, "పాపం, ఒంటిమీద సరైన బట్ట కూడా లేదు" అన్నాడు. మార్చి నెల మిట్టమధ్యాహ్నం తనూ దుప్పటే కప్పుకుని ఉన్నాడని ఆయనకు తోచలేదు. గురివింద గింజకు తన కింద నలుపు కనబడదు కదా. నేను ఆయన పెట్టె అందుకున్నాను. ఉత్తరం ఇంకా రాయలేదు.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ ఉబలాటపడి బావ చేత అసెంబ్లీలో ఉపన్యాసం ఇప్పించింది. పిల్లలందరూ ఎండలో నిలబడ్డారు. బావ దుప్పటి సర్దుకుని, మెడ దగ్గర పెద్ద పిన్ను పెట్టుకుని, ప్రతి మనిషీ ఒక్కసారైనా ఆ దేశం ఎందుకు చూడాలో వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడ కొండ దాటితే మళ్ళీ కొండేనట. రాళ్ళతో గుండ్రంగా కట్టిన ఇళ్ళు, పైన గడ్డి కప్పు, ఎంత అందమో చెప్పలేమట. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గుర్రం మీదనో కాలినడకనో వెళ్తారట. దుప్పటి వాళ్ళ పరువట. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ "శాంతి" అని వాళ్ళ భాషలో పలకరించనిదే కదలరట. జొన్న పిండిని పులియబెట్టి జావ కాస్తారట, అది తాగితే రోగం రాదట. ఏ ఇంటి ముందైనా కర్రకు తెల్లజెండా కట్టి ఉంటే ఆ ఇంట్లో జొన్న సారా తయారైనట్టట, ఎవరైనా లోపలికి వెళ్ళి కూర్చోవచ్చట. "ఒకే డబ్బాలోంచి అందరం తాగేవాళ్ళం. అదీ మానవత్వం అంటే!" అని బావ గొంతు వణికించాడు.

కొండదారిలో రెండు గంటలు నడిచి బడికి వచ్చిన పిల్లలు, గడ్డి కప్పుల కింద పుట్టిన పిల్లలు, రాగి పిండితో కాచిన చోడి అంబలి తాగి పెరిగిన పిల్లలు, అవన్నీ నోళ్ళు తెరిచి విన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇదే మనిషి పొద్దున్న నా ఇంట్లో అంబలి గిన్నె చూసి, "ఇదేటి మరదలా, గోడలకు పూసేదా?" అన్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఈయనకు పుల్లకూర రుచించాలంటే సముద్రాలు దాటాలి.

ఆ సాయంత్రం హాస్టల్ వంటావిడ నా క్వార్టరుకు వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది. వాగు అవతల కొండ మీద వాళ్ళ ఊరు. నేను చేరిన ఏడాది నుంచీ ప్రతి పండక్కీ రమ్మనేది. నాకు ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. పేపర్లు దిద్దాలి, కాలు బెణికింది, తలనొప్పి. గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"ఆ సారు సెప్పినయ్యన్నీ మాకాడా ఉన్నాయి కదమ్మా?"

"ఉన్నాయి," అన్నాను నవ్వుతూ. ఆవిడ బావను ఎగతాళి చేస్తోందనుకున్నాను.

"మరి ఆరేళ్ళయ్యి పిలిత్తన్నాను. ఒక్కపాలీ రానేదేటి?"

ఆవిడ ఎగతాళి చెయ్యడం లేదు. కారణం అడుగుతోంది, అంతే.

"రేపు మా ఊర్ల మామిడి కొత్త. ఆ సారుని కూడా తీసుకుని బేగొచ్చీయండి," అని వెళ్ళిపోయింది.

మామిడి కొత్త అనే మాట ఆరేళ్ళుగా వింటూనే ఉన్నాను. కొత్త మామిడికాయలు తినే పండగ అని నాకు నేనే అర్థం చెప్పుకుని ఊరుకున్నాను. బావ వెంటనే ఒప్పుకున్నాడు. కొండ మనుషుల ఫొటోలు తీసుకెళ్ళి తన కొండ మనుషులకు చూపించాలని ఆయన సరదా.

మేము ఆయాసపడుతూ ఎక్కి ఊరు చేరేసరికి ఆడవాళ్ళు వాకిళ్ళు అలుకుతున్నారు. ముహూర్తం పెట్టే దిసారి ఊరిదేవత రాయి దగ్గర సామాను సర్దుకుంటున్నాడు. మమ్మల్ని ఒక మామిడిచెట్టు నీడలో మంచం వేసి కూర్చోబెట్టారు. కొమ్మలు చేతికి అందుతున్నాయి. చుట్టూ పిల్లలు నిలబడి చూస్తున్నారు గానీ ఒక్కరూ కాయ ముట్టుకోలేదు. సైన్సు టీచర్ని, పరిశీలన గురించి పాఠాలు చెప్పేదాన్ని, అది కూడా గమనించలేదు. బావ కెమెరా పక్కన పెట్టి ఒక కాయ కోశాడు. జేబులోంచి చాకు తీసి చెక్కలు చేసి నాకొకటి ఇచ్చాడు. ఆయనొకటి కొరికాడు. నేనూ కొరికాను.

అలుకుతున్న చేతులు ఆగిపోయాయి. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. దిసారి లేచి నిలబడ్డాడు. వంటావిడ పరుగున వచ్చి నా చేతిలోని ముక్క తీసేసుకుంది.

"కొత్త అవ్వనేదమ్మా. అమ్మోరికి పెట్టకుండా తినీసినారు."

దేవతకు పెట్టేవరకూ ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా ఆ ఏటి కాయ నోట పెట్టరు. రాలిన కాయ రాలినట్టే ఉంటుంది. ఆ సంగతి ఆవిడ నాకు చెప్తూ ఉంటే ఇంకోటి గుర్తొచ్చింది. హాస్టల్లో ఏటా ఫిబ్రవరి నెలాఖరు నుంచే మామిడికాయ పప్పు. కూరగాయలకంటే అవే చవక. పప్పు ముట్టుకోకుండా ఒట్టి అన్నం తినే పిల్లల్ని నేను వరసలో నిలబెట్టి తిట్టేదాన్ని. పొగరన్నాను. ఇంట్లో గతిలేక ఇక్కడికొచ్చి వంకలు పెడతారా అన్నాను. ఒకసారి ఒక గుంట చేత బలవంతంగా తినిపించాను. ఆ పిల్ల ఏడుస్తూ మింగింది.

"ఆ పిల్లలు అందుకేనా తినేవారు కాదు?" అని అడిగాను.

"అందుకేనమ్మా."

"నాకు చెప్పొచ్చు కదా!"

"మీరు అడగనేదు కదా," అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "ఆ గుంటలకి నాను యేరేగా సప్పటి పప్పు దాసి పెట్టీదాన్ని. మీరు ఎల్పోయాక తినీవోరు," అని చెప్పింది.

తప్పుకు ఒక కోడి ఇవ్వాలన్నాడు దిసారి. నేను సంచీ తెరిచేలోపే ఆవిడ తన ఇంటి వెనకనుంచి తెల్లకోడిని పట్టుకొచ్చింది. తను పిలిచిన చుట్టాలు చేసిన తప్పు తనదేనట. బావ నా చెవి దగ్గరకు వంగి, "ఎంత మూఢనమ్మకాలో చూశావా! మా లెసూటూలో కూడా ఇలాంటివి ఉంటాయిలే, కానీ అక్కడ దాన్ని కల్చర్ అంటారు," అన్నాడు. ఆయన్ని ఆ కొండ మీదనుంచి తోసెయ్యాలనిపించింది. కానీ ఆయన ఎవరి గురించి నవ్వుతున్నాడో వాళ్ళకు ఆరేళ్ళు నేనేం చేశానో నాకు అప్పుడే తెలిసింది. తోస్తే ఇద్దరం పడాలి.

పూజయ్యాక ఆకులో మామిడి ముక్కలు, దొప్పలో అంబలి ఇచ్చారు. ఒకే డబ్బాలోంచి ఊరందరితో కలిసి తాగిన బావ, నీళ్ళు కాచారో లేదోనని వద్దన్నాడు. నేను రెండు దొప్పలు తాగాను.

నాలుగో రోజు పొద్దున్న, రైలుకు ముందు, బావ ఉత్తరం రాసి నా చేతికిచ్చాడు. చక్కటి ఇంగ్లీషు. ఈమె ఆరేళ్ళుగా కొండజాతుల మధ్య వాళ్ళలో ఒకతెగా జీవించింది, వాళ్ళ ఆచారాలు క్షుణ్ణంగా తెలుసు, మీ కొండలకు ఇంతకంటే తగిన టీచరు దొరకదు అని ఉంది. ఎంత కావాలనుకున్నానో ఆ కాగితాన్ని. వంటావిడ బావ పెట్టె రిక్షాలో పెట్టించి నా దగ్గరకు వచ్చింది.

"ఆ దేశం ఎల్పోతారటమ్మా?"

"చూడాలి."

"ఆళ్ళకీ కొత్తలుంటాయి కదా. ఆ గుంటలు ఏదన్నా తిననేదనుకో, తిట్టీకండమ్మా. ముందు అడగండి."

వెటకారం లేదు ఆ మాటల్లో. ఉంటే బాగుండేది, నాకు అలవాటైన భాష అదే. ఆ ఉత్తరం నేను పోస్టు చెయ్యలేదు. ఇంకో ఎనిమిదేళ్ళు అక్కడే పనిచేశాను. ప్రతి ఏడూ మామిడికాయలు స్టోర్లోకి వచ్చిన రోజు వంటగదిలోకి వెళ్ళి, ఎవరెవరి ఊళ్ళో కొత్త అయిందని అడిగేదాన్ని. అందరివీ అయ్యేదాకా సప్పటి పప్పే తినేవాళ్ళం.

బావ రెండువేల సంవత్సరం తర్వాత శాశ్వతంగా తిరిగొచ్చేశాడు. విశాఖపట్నం ఉక్కపోతలో, ఫ్యాను కింద, చుట్టాలు వస్తే ఇప్పటికీ ఆ దుప్పటి కప్పుకుని చెమటలు కారుస్తూ కారణాలు చెప్తాడు. నన్ను చూస్తే మాత్రం దెప్పకుండా ఉండలేడు.

"అంత మంచి ఉత్తరం రాసిస్తే వెళ్ళకపోయావు. ఎప్పుడు చూస్తావు మరదలా లెసూటూ?"

"ఎవరైనా పిలిస్తే వెళ్తాను బావా. ఈసారి మొదటిసారి పిలిచినప్పుడే వెళ్తాను."