ఆఖరి బంతిని ముందే ఇచ్చేసిన లూథర్

గెలిచినవాళ్ళ ఫోటోలు గోడ నిండా వేలాడదీశారు గానీ, మన ఊరి బేస్‌బాల్ జట్టును ముంచిన లూథర్ విక్‌రాయ్ ఎవరని మీలో ఒక్కరైనా అడిగారా? తిండి మీదున్న ధ్యాసలో పావు వంతు పెద్దవాళ్ళ మీద పెడితే మీ సొమ్మేం పోయింది? ఆ మూల పళ్ళెం పక్కన పెట్టి, ఇటు తిరిగి వినండి.

లూథర్ జీతం తీసుకుని ఆడే ఆటగాడు. పింగాణీ బట్టీల ఊరు కాబట్టి జట్టు పేరు కుమ్మర్లు. పొడుగ్గా ఉండేవాడు, బాగా పరుగెత్తేవాడు, మహా తొందర మనిషి. కాఫీ చల్లారేదాకా ఆగలేక ఏడాది పొడుగునా నాలుక కాల్చుకునే రకం.

బట్టీ మేస్త్రీ సైలస్ ప్రూయిట్ కూతురు హెట్టీ మీద అతనికి మనసు. ఆ రోజుల్లో మన ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. సెప్టెంబరు ఫైనల్లో గెలుపు బంతి పట్టినవాడు దాన్ని కంచె మీదుగా ఏ పిల్ల చేతికిస్తే ఆ పిల్లను పెళ్ళికి అడిగినట్టు. పిల్ల ఉంచుకుంటే సరేనన్నట్టు, తిరిగిస్తే వద్దన్నట్టు. వేసవంతా లూథర్‌కు ఆ బంతి మీదే ధ్యాస.

ఫైనల్ రోజు రానే వచ్చింది. కుమ్మర్లు ఒక్క పరుగు ముందున్నారు. అవతలి జట్టుకు అదే ఆఖరి వంతు. వాళ్ళలో ఒకడు అవుటయ్యాడు, ఇద్దరు బేసుల మీద కాచుకుని ఉన్నారు. ముగ్గురు అవుటైతే వంతు ముగిసినట్టే, అంటే ఇంకో ఇద్దరు అవుటైతే కప్పు మనదే. అంతలో బంతి గాల్లోకి లేచింది. లూథర్ పరుగెత్తుకెళ్ళి కంచె పక్కన ఒంటిచేత్తో పట్టేశాడు. ఊరంతా హోరెత్తింది. ఆ హోరు చెవిన పడగానే ఆట అయిపోయిందనుకున్నాడు మహానుభావుడు. నేరుగా కంచె దగ్గరికెళ్ళి టోపీ తీసి, బంతిని హెట్టీ చేతిలో పెట్టాడు.

"ఒరేయ్ లూథర్! ఇంకొకటుందిరా!" అని పక్కనుంచి తోటి ఆటగాడు బాయర్ గొంతు చించుకున్నాడు.

లూథర్ మొహం సున్నం కొట్టినట్టయింది. "హెట్టీ, ఇటిచ్చెయ్, తొందరగా!"

హెట్టీ బంతిని గుండెకు హత్తుకుంది. "తిరిగిస్తే వద్దన్నట్టు. నేను వద్దనను."

"పెళ్ళి సంగతి తర్వాత, ముందు బంతి!"

"తర్వాతేంటి? ఇంతమందిలో అడిగి ఇప్పుడు తర్వాతంటావా?"

ఈలోపు అవతలివాళ్ళిద్దరూ షికారుకొచ్చినట్టు నడుచుకుంటూ ఆఖరి బేసు చేరి రెండు పరుగులు తీసేశారు. అంపైర్ వచ్చి, "కంచె దాటినప్పుడే అది చచ్చిన బంతమ్మా, నువ్విచ్చినా లాభం లేదు," అన్నాడు. ఆ మాట ఎవరు వింటారు? తర్వాత మనవాళ్ళు బ్యాట్లు పట్టినా ముగ్గురూ గాలినే కొట్టారు. ఒక్క పరుగుతో పోయింది కప్పు.

మర్నాడు పొద్దున లూథర్ ట్రంకుపెట్టెతో స్టేషన్లో కూర్చున్నాడు. టికెట్లిచ్చే ఆయన కూడా మూడు వేళ్ళు ఆడించి నవ్వాడు. ఎక్కడో బొగ్గు గనుల్లో పని చేసుకుంటూ, తన పేరు తెలియని మనుషుల మధ్య బతుకుదామనుకున్నాడు. రైలు కూత వినబడే వేళకు హెట్టీ వచ్చి బంతి ఉన్న చెయ్యి అతని ముందు చాచింది.

"తీసుకో. తీసుకుని ఎక్కు. అప్పుడు వద్దన్నవాడివి నువ్వవుతావు."

"నీకు తలవంపులు తప్ప నా దగ్గర ఇంకేముంది, హెట్టీ?"

"తలవంపుల్లో సగం నావే. ఇవ్వననింది నేను కదా! నువ్వు పోతే ఊరంతా కలిసి నన్నొక్కదాన్నే తిడుతుంది. అన్ని తిట్లు నేనొక్కదాన్నే తినలేను."

లూథర్ ఆ బంతి వంక చూశాడు, రైలు వంక చూశాడు. జీవితంలో మొదటిసారి తొందరపడలేదు. రైలు వెళ్ళిపోయింది.

జట్టు అతన్ని తీసేసింది. మేస్త్రీ సైలస్ కప్పులు గడ్డిలో పేర్చి డజన్లు కట్టే బల్ల దగ్గర నిలబెట్టాడు. "మూడు రానివాడికి పన్నెండు వస్తాయా?" అన్నాడు అందరూ వినేలా.

"ఒక్కటి తప్పినా నన్నే గడ్డిలో చుట్టి పంపేయండి, మామగారూ."

"అప్పుడే మామగారా? చూశారా, మళ్ళీ తొందర!"

బట్టీ మొత్తం పగలబడి నవ్వింది. ఇరవై ఎనిమిదేళ్ళు గొంతెత్తి లెక్కపెట్టాడు లూథర్. ఒక్క కప్పు తప్పలేదు.

పెళ్ళిలో ఏమైందనుకున్నారు? ఉంగరం తొడగకముందే పెళ్ళికూతుర్ని ముద్దు పెట్టుకోబోయాడు. చర్చి చర్చంతా లేచి, "ఇంకొకటుందిరా!" అని అరిచింది. పాదిరి నవ్వాపుకోలేక పుస్తకం మూసేశాడు. ఆ రోజుతో ఊరికి లూథర్ మీద కోపం పోయింది. మిగిలింది వేళాకోళమే. అది మాత్రం చచ్చేదాకా వదల్లేదు. పులుసు ఉడక్కముందే దించితే "లూథర్ పని చేశావు" అంటాం కదా, అది ఇక్కడినుంచి వచ్చిందే.

ఎవరైనా మరీ మితిమీరితే హెట్టీ నడుం మీద చెయ్యేసుకునేది. "గెలిచిన ఆట ఒక్కటి చెప్పు చూద్దాం, ఎవరు ఎవర్ని గెలిచారో! రాదు కదా? మా ఆయన ఓడిందే అందరికీ గుర్తు."

అతను పోయినప్పుడు ముసలి బాయర్ వచ్చి, ఆ బంతిని లూథర్‌తో పాటు శవపెట్టెలో పెడదామన్నాడు. హెట్టీ పెట్టనివ్వలేదు. "తిరిగిస్తే వద్దన్నట్టు," అంది.

అప్పటికి లూథర్‌కు డెబ్బై మూడేళ్ళు.