బావ వ్యానుకి కొత్త బల్బులు

మా బావకి దేన్నయినా గట్టిగా కట్టేస్తే సరిపోతుందని నమ్మకం. యారాడలో పుట్టి పడవ మీద పెరిగిన మనిషి. సముద్రంలో ఏది ఊడినా, వలలల్లే నైలాను తాడుతో బిగించి పనిలో పడడమే తప్ప మెకానిక్ కోసం ఎదురుచూడడం ఉండదు కదా. నడుం దెబ్బతిని వేట మానేశాక ఒక పాత వ్యాను కొన్నాడు. తెల్లవారకముందే ఊళ్లో చేపలు ఎక్కించుకుని, మా అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, కొండ దాటి గాజువాక మార్కెట్‌కి చేర్చాలి. ఎండెక్కాక తీసుకెళ్తే ఆ చేపల్ని అడిగే నాథుడు ఉండడు. వాళ్లింటికి ఉన్న ఆధారం ఆ వ్యానొక్కటే.

పోయిన వానాకాలంలో బావ లైట్ల మీద పడ్డాడు. "ఏటి లైట్లురా ఇవి? కిరసనాయిలు బుడ్డి నయం," అనేవాడు. ఎవరం కాదనలేదు. పాత బండి, ఉప్పుగాలి, మసకబారిన అద్దాలు. గాజువాకలో కార్ల సామాన్ల కొట్టతను అట్టపెట్టె మీద మెరుపు బొమ్మ ఉన్న బల్బులు చూపించి, "ఇవేత్తే రాత్రి పగలైపోద్ది," అన్నాడు. వాడి నోట్లో మన్నుపడ. అవి పెట్టిన దగ్గర్నుంచి ఎదురొచ్చే బళ్లవాళ్లు మా వంశాన్నంతా తిడుతూ పోయేవారు. బావకి మాత్రం కొన్నాళ్లకే అవీ ఆనలేదు. ఇంకా పెద్దవి తెచ్చి పెట్టాడు.

ఇక బండికి సుఖం లేకుండా పోయింది. హారన్ కొడితే లైట్లు డల్లయ్యేవి. స్విచ్చు వేలు పెట్టలేనంత కాలేది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని విసిగి, దాని చోట రాగి తీగ ముక్క పెట్టేశాడు మహానుభావుడు. బల్బు వెనకాల హోల్డరు మాడి నల్లబడింది. నేను పోరుపెట్టి వన్‌టౌన్‌లో బళ్ల వైరింగ్ చేసే భాయ్ దగ్గరికి లాక్కెళ్లాను. బానెట్ ఎత్తి చూడగానే భాయ్‌కి మండింది.

"సన్న వైర్లకి ఇంతేసి బల్బులేటి భాయ్? ఏదో రోజు బండి తగలబడిపోద్ది. పాత బల్బులెట్టుకో. కాదంటే బండొదిలెయ్, వేరే వైరింగ్ లాగుతాను."

"బండొదిలేత్తే సేపలు నెత్తినెట్టుకెళ్లాలా? పాత బల్బులెడితే నాకు రోడ్డు కనపడదు," అన్నాడు బావ.

మొండితనం అనుకున్నాం. తిట్టుకుంటూ తిరిగొచ్చాను.

తర్వాత హోల్డరు పగిలి వైర్లు వేలాడాయి. బావ వాటిని దగ్గరికి చేర్చి, నైలాను తాడుతో చుట్టి, వలకి వేసే ముడి వేసి, పైన గ్రీజు పూశాడు. "తుఫానుకి కూడా ఊడదురా ఈ ముడి," అని నాకు చూపించి మురిసిపోయాడు. నిజమే, ఊడలేదు. వేడికి కరిగిపోయింది.

అది జరిగిన రోజు వ్యానులో నేనూ ఉన్నాను. అక్కావాళ్లింట్లో పడుకుని, పొద్దున్నే వాళ్లతోపాటు గాజువాకలోని మా ఇంటికి బయల్దేరాను. కొండ మలుపు తిరుగుతుండగా ప్లాస్టిక్ కాలిన కంపు గుప్పుమంది. ముందు నుంచి పొగ, వెంటనే మంట. లైట్లు రెండూ ఒక్కసారే ఆరిపోయాయి. బావ బ్రేకు తొక్కాడు. దూకి, చేతికందిన బట్ట పట్టుకుని బ్యాటరీ తీగ పీకేశాను. అక్క చేపల పెట్టెలోంచి దోసిళ్లతో మంచు తెచ్చి మంట మీద కుమ్మరించింది. పక్కనే లోయ. బండి ఇంకాస్త ముందుకి పోయుంటే ముగ్గురం ఉండేవాళ్లం కాదు.

కాలిన వైర్లు తెంపి పారేసి బ్యాటరీ మళ్లీ తగిలిస్తే ఇంజను మాత్రం కదిలింది. లైట్లు లేవు. వెలుగొచ్చాక పోదామని బండిలో కూర్చున్నాం. చేపలు పాడైపోతాయని అక్క గొణుగుతూనే ఉంది.

కాసేపటికి తూర్పు తెల్లబడింది. కింద సముద్రం, లంగరేసిన ఓడలు, రోడ్డంచున తెల్లగీత, అన్నీ తేటగా కనపడ్డాయి.

"పదయ్యా, ఎండెక్కిపోతాది," అంది అక్క.

"ఉండే. సీకట్లో ఎలగెల్తాను?"

అక్క నవ్వింది. "సీకటేటి? తెల్లారిపోనాది కదా. ఏలాకోలాలాడకు."

బావ స్టీరింగ్ వదలకుండా నేను కూర్చున్న వైపు తల తిప్పాడు. "ఒరే, నిజంగా తెల్లారిందేటిరా?"

నాకు అంతవరకు ఈ మనిషి పక్కన కూర్చుని కొండ మలుపులు తిరిగానన్న భయం, ఆ మొహం చూస్తే దుఃఖం, రెండూ ఒకేసారి వచ్చాయి. అక్క నవ్వు ఆగిపోయింది. ఆయన కళ్ల ముందు అరచెయ్యి ఆడించింది. ఆయన రెప్ప కదల్చలేదు.

"ఎన్నాళ్లబట్టీ?" అంది.

"లైట్లు సాలట్లేదన్నాను కదే, అప్పట్నుంచే. ఎండొత్తే బాగానే కనబడతాది," అన్నాడు బావ మెల్లగా. "సెప్తే బండి మానిపించేత్తారని సెప్పలేదు."

అక్క చెయ్యి చాపి బండి తాళం తీసేసుకుంది.