పనికిరాని రాళ్ళ కుప్ప

వెలికొండలు ఒకసారి కాదు, రెండు దిక్కుల నుంచి రెండుసార్లు నలిగి ముడతపడ్డాయని మా భూగర్భశాస్త్రం ప్రొఫెసర్‌తో పందెం వేసి విశాఖ నుంచి గూడూరు వచ్చాను. రుజువుగా రెండు వరుసల ముడతలున్న రాయి ఒక్కటైనా చూపించాలి. ఐదు రోజులు తిరిగినా కనిపించినవన్నీ ఒకే వరుసవి. సాయంత్రమే తిరుగు రైలు.

మూతపడిన మైకా గని దగ్గర మేకలు కాస్తున్న ఒక అవ్వ నన్ను ఆపింది. "ఏం ఎతకతా ఉండావు పాపా?"

చెప్పాను. పకపకా నవ్వింది.

"ముప్పై ఏండ్లు ఈడ్నే మైకా రేకులు చీల్చినా. ముడత ఉంటే కొనేవాళ్ళు తీసుకోరు. అందుకని ముడత పడిందంతా ఏరి ఆ షెడ్డు ఎనకాల పోసినాం. నువ్వు కొండంతా తిరిగితే ఏమొస్తాది?"

షెడ్డు వెనక నా ఎత్తు కుప్ప ఉంది! ఆత్రంగా ఒక పలక తీసి చూశాను. ఒకే వరుస.

"అట్ల కాదు పాపా" అని అవ్వ దాన్ని లాక్కుని, కంటికి సమంగా పట్టి, ఎండకు మెల్లగా వాల్చింది. పాత ముడతలను అడ్డంగా వంచుకుంటూ రెండో వరుస మెరుస్తూ పైకి తేలింది.

నేను వేసిన కేకకు మేకలు చెదిరిపోయాయి. రెండుసార్లే! నేను గెలిచాను! అవ్వను వాటేసుకుని, పలకను చున్నీలో చుట్టి సంచిలో పెట్టబోయాను.

అవ్వ అప్పటికే కుప్ప ముందు చతికిలబడి, అలవాటైన చేతులతో రాళ్ళు ఏరుతోంది.

"ఉండు పాపా, దానికన్నా బాగా చెడిపోయింది ఏరిస్తా."