సంచి సిస్టరు, సగం మాత్ర

ఆమెను ఆపరేషన్ గది నుంచి మెట్ల కిందికి దించింది ఒకే ఒక్క వాక్యం. “రోగి వాడే మందుల గురించి నర్సు సరిగా ఆరా తీయలేదు.” విచారణ కాగితంలో ఆ వాక్యం కింద ఇద్దరు పెద్దమనుషులు సంతకాలు పెట్టారు. వాక్యం పచ్చి అబద్ధం. సంతకాలు మాత్రం చాలా అందంగా ఉన్నాయట.

జరిగింది ఇదీ. కిడ్నీలో రాయి తీయించుకోవడానికి వచ్చిన ఒకాయన్ని మత్తిచ్చి బల్ల మీద బోర్లా పడుకోబెడుతుంటే, మోచేతి పైన వంకాయ రంగులో కమిలిన మచ్చ ఆమె కంటపడింది. “సార్, ఈయన రక్తం పల్చబడే మాత్రలేవో వేసుకుంటున్నట్టుంది. బయట వాళ్ళావిడ ఉంది, ఒక్కసారి అడిగొస్తాను” అంది. అప్పుడప్పుడే పెద్ద చదువు ముగించి వచ్చిన కుర్ర డాక్టరు, “ఆపరేషన్ నువ్వు చేస్తావా సిస్టర్, నన్ను చెయ్యమంటావా?” అన్నాడు. ఆయనే చేశాడు. వీపులోంచి కిడ్నీలోకి పెన్సిలు లావున దారి చేసి, రాయిని పగలగొట్టి తీసే పని అది. కిడ్నీ నిండా రక్తనాళాలే. నాలుగు సీసాల రక్తం ఎక్కిస్తే గానీ ఆ మనిషి తేరుకోలేదు. బతికాడు, సంతోషం. కానీ జరిగిన తప్పు ఎవరి మీదో ఒకరి మీద వాలాలి కదా. పెద్ద కుర్చీలు బరువు. ఆమెకు అసలు కుర్చీయే లేదు, రోజంతా నిలబడే ఉద్యోగం. అందుకని మెట్ల కింద ఒక కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టారు.

ఇదంతా నాకు చెప్పింది ఆ ఆసుపత్రి ఆయా. ఆసుపత్రిలో నిజం తెలియాలంటే బోర్డులు చదవకూడదు, చీపురు పట్టుకున్నవాళ్ళ దగ్గర నిలబడాలి.

మెట్ల కింద ఆమె పని కొత్త రోగుల కాగితాలు నింపడం. బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద మందుల అట్టపెట్టె మడిచి పెట్టింది. పైన మెట్లు ఏటవాలుగా దిగడంతో పొడుగువాళ్ళకి నెత్తిన బొప్పి ఖాయం. కాబట్టి ఎవరొచ్చినా ఆమె మొదటి మాట “తల జాగ్రత్త.” రెండో మాట “సంచి బోర్లించండి.” ఆ రెండో మాట వల్లే ఆసుపత్రంతా ఆమెను సంచి సిస్టరు అనేది.

అచ్చు కాగితంలో ‘మందులు వాడుతున్నారా?’ అని ఒక ప్రశ్న ఉంది. ఆమె దాన్ని ఎవర్నీ అడగదు. అడిగితే జనం లేదంటారు, పైగా నిజాయితీగానే అంటారు. మోకాళ్ళకు మింగేది మందు కాదు, నొప్పి బిళ్ళ. వెల్లుల్లి గొట్టం మాత్రలు మందు కాదు, బలానికి. పక్కింటాయన ఇచ్చింది అసలు లెక్కలోకే రాదు, ఊరికే ఇచ్చాడు కాబట్టి. అందుకే ఆమె స్టీలు పళ్ళెం ఒకటి ముందుకు తోసి, సంచిలో ఉన్నదంతా అందులో పొయ్యమనేది. ఎవరైనా రక్తం పల్చబడే మాత్ర వాడుతుంటే గోల పెట్టేది కాదు. “మీ అంతట మీరు మానెయ్యకండి. రాసిన డాక్టరుని, కోసే డాక్టరుని మాట్లాడుకోనివ్వండి” అనేది.

అత్తతో పాటు మా మేనమామను ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించి ఆవగింజలో సగం ఉండే మరను పట్టేస్తాడు గానీ, అరచేతిలో ఏముందో చూడడు. పొద్దున్నే పేపరు చదువుతూ చెయ్యి చాపుతాడు. మా అత్త ఏం పెడితే అది నోట్లో వేసుకుంటాడు. చొక్కా గుండీ పెట్టినా నీళ్ళు తాగేసేవాడే.

ఆయన కిడ్నీలో చిన్న రేగిపండంత రాయి. మర్నాడు పొద్దున మొదటి ఆపరేషన్ ఆయనదే. రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నారు. నొప్పి వచ్చినప్పుడల్లా నేల మీద చుట్టుకుపోయే మనిషి, ఆ ఒక్క రోజు కోసం నెల నుంచి ఎదురుచూస్తున్నాడు.

“తల జాగ్రత్త” అంది సిస్టరు. మామ అప్పటికే కొట్టుకున్నాడు.

“సంచి బోర్లించండి.”

“ఇందులో ఏముంటాయి సిస్టరమ్మా! బీపీ బిళ్ళలు, తువ్వాలు, పళ్ళపొడి. పై డాక్టరుగారికి అన్నీ చెప్పేశాను.”

సిస్టరు పళ్ళెం వైపు చూడలేదు. మామ గడ్డం వైపు చూస్తోంది. గడ్డం మీద మూడు చోట్ల పేపరు ముక్కలు అతికి ఉన్నాయి. ఒకదాని మీద వాతావరణ సూచన సగం చదవొచ్చు.

“ఇదేంటి, ముఖం మీద వార్తలు?”

“గీసుకుంటుంటే తెగింది.”

“ఎన్నింటికి?”

“ఆరింటికి.”

“పది దాటింది. ఇంకా తడిగానే ఉందే! ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“ఈమధ్య బ్లేడ్లు సరిగా రావట్లేదమ్మా.”

“రెండు నెలల నుంచి బ్లేడ్లవాణ్ణి తిట్టని రోజు లేదు” అంది అత్త.

“మాత్రలు చేతిలో ఎవరు పెడతారు?”

“ఇంకెవరు, ఈవిడే” అన్నాడు మామ.

సిస్టరు కుర్చీని కిర్రుమనిపిస్తూ అత్త వైపు తిప్పింది. “అమ్మా, మీ సంచి కూడా బోర్లించండి.”

“పేషెంటు ఆయన కదమ్మా!”

“చెయ్యి మీది కదమ్మా.”

అత్త మొహం మాడ్చుకుని సంచి తిరగేసింది. దువ్వెన, తాళాలు, ఒక చిన్న రేకు డబ్బీ పడ్డాయి. డబ్బీలో ఒక గులాబీరంగు సగం మాత్ర. కత్తితో కోసినట్టు నున్నగా ఉంది.

“మిగతా సగం ఏది?”

అత్త మెల్లగా మామ పొట్ట వైపు చూసింది.

కిందటేడు అత్త గుండెకు స్టెంటు వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. “రక్తం సాఫీగా పారితే ఆ రాయి కూడా మెల్లగా జారిపోతుందేమోనని...” అంది అత్త. “వేరేగా కొంటే ఆయన అడుగుతారు. అందుకని నాదాంట్లోంచే. పెళ్ళైన దగ్గర్నుంచి ఏదీ ఒక్కదాన్నే తిన్నదాన్ని కాదమ్మా.”

“నాకు తెలీకుండా నాకు మందు పెట్టావుటే?” అన్నాడు మామ.

“కళ్ళు పేపర్లో పెట్టి చెయ్యి నాకిచ్చే మనిషికి తెలిసేలా ఎలా పెట్టేదండీ?”

నాకు నవ్వొచ్చింది. సిస్టరుకి రాలేదు. “ఆయనకి అక్కర్లేని సగం లోపలికెళ్ళింది. మామూలు రక్తపరీక్షల్లో ఇది బయటపడదు గానీ, రేపు వీపులో దారి చేస్తే రక్తం ఓ పట్టాన ఆగదు. మీకు కావలసిన సగం లోపలికెళ్ళలేదు. ఆ స్టెంటు మూసుకుపోతే...” అని ఆగిపోయింది. అత్త మొహంలో నెత్తురుచుక్క లేదు.

మామ గొంతు తగ్గించాడు. “సిస్టరమ్మా, సగం బిళ్ళేగా. పైన చెప్పకండి. వాయిదా వేశారంటే ఈ నొప్పితో నేను ఆగలేను. మీకు దణ్ణం పెడతాను.”

“తల జాగ్రత్త” అని మాత్రం అంది సిస్టరు. సగం మాత్ర ఉన్న పళ్ళెం చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. కిందికి దించిన ఈ ఏడేళ్ళలో ఆమె ఆ మెట్లెక్కడం అదే మొదలని ఆయా నా చెవిలో ఊదింది. వెనక మేము ముగ్గురం. మామ నడుం పట్టుకుని, మెట్టుకొక మూలుగు మూలుగుతూ.

పైన వరండాలో డాక్టరు ఎదురయ్యాడు. ఆనాటి కుర్ర డాక్టరే. ఇప్పుడు పెద్ద డాక్టరు, జుట్టుకు రంగు.

“ఏంటి సిస్టర్, మీరు పైకొచ్చారు?”

“సార్, రేపటి మొదటి పేషెంటు. రెండు నెలలుగా వాళ్ళావిడ గుండె మాత్ర సగం ఈయనకి పెడుతోంది. మీరొక్కసారి చూడాలి.”

ఆ పాత మాటే మళ్ళీ అంటాడని నేను పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. గొప్పవాళ్ళ మీద నాకున్న నమ్మకం అంత. ఆయనేమో పళ్ళెంలో సగం మాత్రను చాలాసేపు చూశాడు. తర్వాత మామ గడ్డం మీది వాతావరణ సూచనను ఊడబీకాడు. ఎర్రటి పూస ఒకటి ఉబికింది. దూది అద్ది, చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. దూది మూడుసార్లు మార్చాడు.

మామ ఉండబట్టలేక, “మీ గడియారం రెండు నిమిషాలు వెనకుంది సార్” అన్నాడు.

“మీ రక్తం అంతకంటే వెనకుందండీ” అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ వాయిదా పడింది. అత్తను ఆ గంటలోనే గుండె డాక్టరు దగ్గరికి పంపారు. ఇక మాత్రంతా ఆవిడే మింగాలి, ఆయన ముక్క కూడా ముట్టకూడదు. ఈలోగా మూత్రంలో చీము లేకుండా చూడాలి, బీపీ అదుపులో ఉండాలి, మామ గ్రూపు రక్తం రెండు సీసాలు సిద్ధంగా ఉంచాలి. ఇవన్నీ రాసి, చివర డాక్టరు ఇంకో ముక్క రాశాడు. నేను తలకిందులుగానే చదివాను: “మాత్ర సంగతి సిస్టరు కనిపెట్టి చెప్పారు.” కింద సంతకం. ఏడేళ్ళ అబద్ధానికి ఆ ఒక్క ముక్క చాలదని నేను ఇప్పటికీ అంటాను. క్షమించమని ఆయన అడగనూ లేదు. ఆమె మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి చదవబోయి, ఫైల్లో పెట్టమని ఆయాకు ఇచ్చింది.

తొమ్మిదో రోజున ఆపరేషన్ అయింది. ఆ తొమ్మిది రోజులూ నొప్పి బిళ్ళ కూడా సిస్టరు చూపించిందే వేసుకుని, మామ ఆమెను తిట్టని తిట్టు లేదు. కారిన రక్తం కొంచెమేనట. రెండు సీసాలూ ముట్టకుండా తిరిగి వెళ్ళాయి. రాతి ముక్కలు ఇప్పుడు మామ కొట్లో చిన్న సీసాలో ఉన్నాయి. గడియారం తెచ్చిన ప్రతివాడూ వాటిని చూసి తీరాలి. పొద్దున్నే అత్త ఇచ్చే బీపీ బిళ్ళను మామ భూతద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. అత్త తన మాత్రను ఆయన ఎదురుగానే, మొత్తంగా, కోపంగా మింగుతుంది.

పోయిన నెల మామ రిపోర్టు కోసం వెళ్ళినప్పుడు సిస్టరును చూశాను. మెట్ల కిందే ఉంది. ఆమెను మళ్ళీ ఆపరేషన్ గదికి రమ్మన్నారని, తను రానందని ఆయా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది.

“ఎందుకు వెళ్ళలేదమ్మా? ఆ పాత కాగితం కొట్టేయించి, దర్జాగా పైకి వెళ్ళాల్సింది!”

“పైనైతే కారే రక్తాన్ని ఆపాలి బాబూ. ఇక్కడైతే కారకముందే ఆపొచ్చు” అంది. ఆమె చూపు నా భుజానికున్న సంచి మీద పడింది. పళ్ళెం ముందుకు తోసింది. తప్పలేదు, బోర్లించాను. రెండు పాత పుస్తకాలు, ఒక పెన్ను, తలనొప్పి బిళ్ళల అట్ట, అందులో విరిగిన బిళ్ళ ఒకటి.

“పుస్తకాలు లోపల పెట్టుకో” అంది. “ఈ బిళ్ళ సగమే ఉందే! మిగతా సగం ఎవరికి పెడుతున్నావు?”