పూజలో పానా

ఈ దసరాకు నా స్కూటర్ బ్యాటరీకి పసుపు రాస్తుంటే, ఎక్కడి నుంచో విరిగిన పాల వాసన వచ్చినట్టనిపించింది.

గౌలిపురలో మాకొక పాత పికప్ ఉండేది. నాన్న అందులోనే అఫ్జల్‌గంజ్ మిఠాయి దుకాణాలకు పాలు వేసేవాడు. నా చిన్నప్పటి ఒక దసరా పొద్దున బండి కడిగి, పూజ చేసి, పాల క్యాన్లు ఎక్కించి తాళం తిప్పితే, టక్కుమని ఊరుకుంది. బానెట్ ఎత్తితే బ్యాటరీ క్లాంపు వదులై కనిపించింది. పానాతో నట్టు కాస్త బిగిస్తే చాలు. కానీ పానాలన్నీ కుంకుమ బొట్లతో దేవుడి ముందున్నాయి.

“పూజల పెట్టినయి రేపటిదాక ముట్టద్దు బిడ్డా,” అంది నాయనమ్మ.

ఎదురింటి భాయ్ తన పానా తెచ్చాడు. “ఇది మా ఇంటిదే అన్నా, తీస్కో.”

“పూజైన బండికి ఇయ్యాల ఏ పానా పెట్టద్దు,” అంది నాయనమ్మ.

“ఉండనియ్ భాయ్,” అన్నాడు నాన్న.

వేళ్లతోనే తిప్పబోయాడు. నట్టు కదల్లేదు. క్లాంపును అరచేత్తో నొక్కితే లైట్లు వెలిగేవి, వదిలితే ఆరిపోయేవి, బండి మాత్రం స్టార్ట్ కాలేదు. నేను అదేదో పండగ ఆట అనుకొని, వెలిగినప్పుడల్లా చప్పట్లు కొట్టాను.

ఎండ ముదిరింది. నాన్న ఒక క్యాన్ మూత తీసి, వాసన చూసి, మెల్లగా మూసేశాడు.

“బాపూ, ఇంకొక్కపారి,” అన్నాను.

నాన్న నా వైపు చూశాడు. తర్వాత వచ్చి క్లాంపు మీద చెయ్యి పెట్టి నొక్కాడు. లైట్లు వెలిగాయి. ఆ ఒక్కసారి మాత్రం అది బండి కోసం కాదు.