పెద్దోడి గొంతు

మా పిన్ని కుట్టు షాపులో ప్లగ్గు వెనక గోడకుంది, వెలుతురు ముందు కిటికీలోంచి వస్తుంది. అందుకని టీవీ వెనక, మిషన్లు ముందు. మధ్యాహ్నం సీరియల్ మొదలవగానే పిన్నీ, పక్క మిషన్ మీద కాజాల అక్కా తెరకు వీపు పెట్టి వింటారు. తల తిప్పితే సూది వేల్లో దిగుతుంది. కాజాలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి గనక ఆవిడకు ఆ పేరు. తెర కనిపించేది కటింగ్ మాస్టారు ఒక్కరికే. ఆయన పొడుగాటి బల్ల దగ్గర నిలబడి, ఒక కన్ను గుడ్డ మీద, ఒక కన్ను టీవీ మీద వేసి కత్తిరిస్తారు. నేను ఎమ్మే చదువు కోసం పిన్ని దగ్గర ఉంటున్నాను. ఇస్త్రీ బల్ల చివర పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటాను. షాపులో నా పేరు లైబ్రరీ.

ఆ సీరియల్ ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఎక్కడో వేరే భాషలో తీసి, దానికి తెలుగు మాటలు అతికించారు. "పైగుడ్డ వాళ్ళది, లైనింగు మనది" అంటుంది పిన్ని. ఆ లైనింగే ఆమెకు తెలుసు. అందులో ఒక పెద్ద కుటుంబం, ఆ ఇంటి పెద్ద కొడుకు. షాపులో అందరూ వాణ్ణి పెద్దోడు అంటారు. పిన్నికి వాడంటే ప్రాణం. కానీ వాడు ఎలా ఉంటాడో ఆమె ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఒకసారి వారపత్రిక అట్ట మీద ఆ నటుడి ఫొటో వేస్తే తెచ్చి చూపించాను.

"ఎవడే ఈ సన్నాసి?" అంది.

"పెద్దోడు పిన్నీ."

"నోరు ముయ్యి. మా వాడికి ఆ ముక్కేమిటి!"

సీరియల్లో చావులు ఆమెకు కొత్త కాదు. నాయనమ్మ పాత్ర పోయిన రోజు ఏడవలేదు. సూదిలో దారం లేదన్న సంగతి కూడా చూసుకోకుండా సాయంత్రం దాకా మిషన్ తొక్కుతూనే ఉంది. చిన్న కోడలికి పాలల్లో విషం కలిపినప్పుడు, ఆ కథ రాసినవాడి ఏడు తరాలనూ పేరుపేరునా తిట్టింది. తిట్లు అయిపోయాక "నాకేం, సీరియలే కదా" అంది. ఆ మాట అన్నదంటే ఆ రోజు ఆమె దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు.

పెద్దోడు వంతెన మీంచి నదిలో పడ్డప్పుడు కూడా "సీరియలే కదా" అంది. అదే రోజు ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టింది.

కొన్ని నెలలకు ఆ ఇంటికి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. మాస్టారు కత్తెర ఆపి చెప్పారు: "గడ్డం, నల్ల కళ్ళజోడు. చూపు మంచిది కాదమ్మా. ఆస్తి కోసం వచ్చినట్టున్నాడు."

ఆ మనిషి ఇంకా నోరు విప్పలేదు. విప్పబోయే ముందు ముక్కుతో చిన్నగా ఊపిరి పీల్చాడు. బరువు ఎత్తబోయేవాళ్ళు పీలుస్తారే, అలా. పెద్దోడు మాట్లాడే ముందు ఎప్పుడూ అంతే. పిన్ని కాలు పెడల్ మీద ఆగిపోయింది.

"చావలేదర్రా వీడు!" అంది.

కాజాల అక్క అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. మాస్టారు ఒప్పుకోలేదు. మొహమే వేరంటే మీకు అర్థం కాదేమిటమ్మా అని వాదించారు. వాదన చాలా రోజులు సాగింది. చివరికి ఆ మనిషి కళ్ళజోడు తీసి, మొహం కాలిపోతే ఆపరేషన్ చేయించుకున్నానని తల్లి కాళ్ళ మీద పడ్డాడు. ఊరంతా నోరు తెరిచిన ఆ మలుపు మా షాపులో పాతబడిపోయిన వార్త. మాస్టారు ఆ రోజు టీ తాగకుండా ఇంటికి వెళ్ళిపోయారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న జరిగినదానికి పిన్ని అంతలా ఎందుకు కదిలిపోయిందో ఇది తెలియకపోతే అర్థం కాదు.

మొన్న ఒక మధ్యాహ్నం సీరియల్లో పెద్దోడు తమ్ముడితో మాట్లాడుతున్నాడు. పిన్ని మిషన్ ఆపింది.

"ఎవడు వాడు?"

"పెద్దోడే కదమ్మా" అన్నారు మాస్టారు.

"కాదు. ఎవడో వచ్చాడు. పెద్దోడు ఎక్కడ?"

"ఇదిగో, కుర్చీలో కూర్చుని నిక్షేపంలా కాఫీ తాగుతున్నాడు. కావాలంటే వెనక్కి తిరిగి చూడు."

పిన్ని వెనక్కి తిరిగింది. ఆమె కుర్చీలో పూర్తిగా తిరిగి తెర చూడటం నేను అదే మొదటిసారి చూశాను. కాసేపు చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. "ఈ ముక్కువాడితో నాకేం పని?" అంది.

గొంతు మారింది. మిగతా అందరి గొంతులూ అవే, వాడిదొక్కటే వేరే. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. కొత్త గొంతు బాగానే ఉంది, నున్నగా ఉంది, మాటలు తొణక్కుండా చెబుతోంది. పిన్ని మాత్రం కుదురుగా కూర్చోలేకపోయింది. సూది మార్చింది. మార్చిన సూది బాగాలేదని పాతదే పెట్టింది. మంచినీళ్ళకు లేచి, గ్లాసు చేతిలో పట్టుకునే వాకిలి దాకా వెళ్ళి, తాగకుండా తెచ్చి పెట్టింది. మిషన్‌కు నూనె వేసింది, కాసేపటికి మళ్ళీ వేసింది. హోటల్ వాళ్ళ యూనిఫారాలు కుట్టి ఇవ్వాల్సి ఉంటే జేబులన్నీ కుడివైపు వేసింది.

"సీరియలే కదక్కా" అంది కాజాల అక్క మెల్లగా.

"సీరియల్ సంగతి ఎవరడిగారు? ఆ మనిషికి ఏమయిందని! సీరియల్లో చంపితే రాసినవాణ్ణి తిట్టొచ్చు. ఇప్పుడు ఎవణ్ణి తిట్టను?"

అప్పుడు నాకు అర్థమయింది. పెద్దోడు తెర మీద బతికే ఉన్నాడు, కాఫీ కూడా తాగుతున్నాడు. పిన్నికి కావలసింది గొంతుగల మనిషి. ఆయన పోయాడేమోనన్న అనుమానం ఆమెను తినేస్తోంది.

ఎపిసోడ్ చివర పరుగెత్తే పేర్లను ఫోనుతో ఫొటో తీశాను. డబ్బింగ్ స్టూడియో పేరు దొరికింది. వెతికితే నంబరూ దొరికింది. దాన్ని ఒక కాగితం ముక్క మీద రాసి పిన్నికి ఇచ్చాను. ఆమె తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"నువ్వే మాట్లాడు. చదువుకున్నదానివి."

లైబ్రరీలో పుస్తకం అడగాలన్నా మనసులో రెండుసార్లు చెప్పుకుని గానీ అడగలేను నేను. "ఏమని అడగాలి పిన్నీ? ఆయన ఉన్నారా పోయారా అని అడుగుతారా ఎవరైనా?"

"అదే అడగాలి. ఇన్ని పుస్తకాలు మింగావు, ఒక ఫోనుకు బెదిరిపోతావా? కరుస్తుందా అది?"

"లైబ్రరీ, ఊపిరి గట్టిగా పీల్చుకుని మొదలుపెట్టమ్మా" అన్నారు మాస్టారు.

చేశాను. అటు ఎవరో ఒకాయన ఎత్తారు. నేననుకున్న వాక్యం సగంలోనే విరిగిపోయింది. మేము కుట్టు షాపు వాళ్ళమని, పెద్దోడి గొంతు చెప్పేవారు ఎలా ఉన్నారో తెలుసుకుందామని చేశామని ఎలాగో చెప్పాను.

"మీకెలా తెలిసింది మారారని?" అన్నాడాయన. "ఇంతవరకు ఒక్కరూ అడగలేదండీ."

ఫోను స్పీకర్లో పెట్టాను.

"గొంతుకు ఆపరేషన్ అయిందండీ. లోపల కుట్లు పడ్డాయి. అవి ఆరేదాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు డాక్టర్లు. ఆ తర్వాత గొంతు వస్తుందో రాదో వాళ్ళూ చెప్పలేకపోతున్నారు."

"ఉన్నాడు" అంది పిన్ని కాజాల అక్కతో.

"ఇక్కడే ఉన్నారు మేడమ్. ఇంట్లో ఉండలేక రోజూ వచ్చి, కొత్తబ్బాయి చెబుతుంటే పక్కన కూర్చుంటారు. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాస్తారు. ఫోను ఆయన చెవి దగ్గర పెడతాను. మీరు చెప్పండి, వింటారు."

మాస్టారు కత్తెర బల్ల మీద పెట్టేశారు. ఏళ్ళ తరబడి పెద్దోడి గొంతు చెబుతుంటే పిన్ని వినడమే గాని, ఈమె చెబితే ఆయన వినడం ఎప్పుడుంది? ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"నమస్కారమండీ" అంది. ఆగింది. "మీరు వంతెన మీంచి పడ్డప్పుడు... నేను ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టేశానండీ. ఆ చొక్కాగలాయన ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తే మొహం తిప్పుకుంటాడు. ఇప్పుడేమో జేబులన్నీ తిరగేశాను. హోటల్ మొత్తానికి. ఇంకా మీవల్ల నేనెంత నష్టపోవాలో తెలీదు."

అటువైపు ఏదో వినిపించింది. నవ్వు కాదు, గాలి. ఆ తర్వాత ముక్కుతో చిన్నగా ఊపిరి పీల్చిన చప్పుడు. బరువు ఎత్తబోయేవాళ్ళలాగా. కాజాల అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది.

"వద్దు!" అని అరిచింది పిన్ని. "మాట్లాడకండి! నోరు తెరిచారంటే నా మీద ఒట్టే! పచ్చి కుట్టు లాగితే మొత్తం ఊడిపోతుంది, నాకు తెలీదా!"

అటు నిశ్శబ్దం. పిన్ని ఆ నిశ్శబ్దాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు ఉంది. ఆయన నిజంగా మాట్లాడటం లేదని నమ్మకం కుదిరాకే ఫోను నా చేతికిచ్చింది. స్టూడియో ఆయన లైన్లోకి వచ్చి, "ఏదో రాశారు మేడమ్, చదవనా?" అన్నాడు.

"చదవండి" అన్నాను.

"కొత్తబ్బాయిని తిట్టొద్దు, నేర్చుకుంటున్నాడు అని రాశారు."

పిన్ని మిషన్ ముందు కూర్చుని, కుడివైపు జేబుల కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో విప్పడం మొదలుపెట్టింది. "నేర్చుకుంటున్నాడట" అంది. "నున్నగా చదివేస్తున్నాడు. మధ్యలో ఊపిరి ఉండక్కర్లేదా మనిషికి?"

యూనిఫారాలు ఆలస్యంగానైనా వెళ్ళాయి. స్టూడియోకు మళ్ళీ ఫోను చెయ్యనివ్వడం లేదు పిన్ని, ఆయనకు మాట్లాడాలనిపిస్తుందని. సీరియల్ మాత్రం రోజూ పెడుతోంది. పెద్దోడు నోరు విప్పబోతున్నాడని వీపు పెట్టుకున్నవాళ్ళకు తెలియదు గనక ఆ సంగతి చూసి చెప్పే పని ఇప్పుడు మాస్టారిది.

"ఇదిగో, ఇప్పుడు" అంటారాయన.

ఆ ఊపిరి కోసం రెండు మిషన్లూ ఆగుతాయి. నేనూ పేజీ తిప్పడం ఆపుతాను. కొత్త గొంతు నున్నగా మొదలవుతుంది.

"రాలేదు" అంటుంది పిన్ని, మళ్ళీ పెడల్ తొక్కుతూ.