పంజగుట్ట డాబా మీది నుంచి జంట నక్షత్రం

నక్షత్రాలు చూడాలంటే ఊరు దాటి అనంతగిరి వైపు వెళ్లాలని ఈ బ్లాగులోనే ఒకటికి రెండుసార్లు రాశాను. కారు లేనివాళ్ల సంగతేమిటని ఒక పాఠకుడు అడిగారు. ప్రశ్న సబబే. వాకబు చేస్తే పంజగుట్టలో ఇద్దరు మనుషులు, మబ్బు లేని ప్రతి సాయంత్రం డాబా ఎక్కి ఒకే ఒక నక్షత్రాన్ని చూస్తారని తెలిసింది. ఒకరు రాజయ్య గారు, విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రెండోవారు సుధారాణి గారు, అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో జావా పాఠాలు చెబుతారు, సొంతూరు రాజమండ్రి దగ్గర. పత్రికా విలేకరినని చెప్పి, ఒక సాయంత్రం నేనూ రావచ్చా అని అడిగితే ఆవిడ ఒప్పుకున్నారు. ఒకటే షరతు పెట్టారు. డాబా ఎక్కేదాకా ఆ నక్షత్రం ఎంత వెలుగుతోందని అడగకూడదు.

ముందు ఆ నక్షత్రం గురించి నాలుగు మాటలు. ఉత్తర కిరీటమనే చిన్న తారామండలంలో, సుమారు మూడు వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. చుక్క ఒకటిగా కనిపిస్తుంది కానీ అందులో ఉన్నవి రెండు. ఒకటి ఉబ్బి చల్లబడిన అరుణ మహాతార. రెండోది శ్వేత కుబ్జం, భూమంత పరిమాణంలో ఉండే వేడి నక్షత్రం. రెండూ ఏడున్నర నెలలకోసారి ఒకదాన్నొకటి చుట్టి వస్తాయి. చిన్నది పెద్దదాని వాయువును లాక్కుంటుంది. అది పైపొరగా పేరుకుని పేరుకుని ఒకరోజు భగ్గుమంటుంది. అప్పుడు మామూలుగా టెలిస్కోపులో తప్ప కనబడని చుక్క కొద్ది రోజులపాటు ఉత్త కంటికి కనిపిస్తుంది. 1866లో అలా జరిగింది, 1946లో మళ్లీ జరిగింది. తర్వాతి వంతు కోసం కొన్నేళ్లుగా ప్రపంచమంతా ఎదురుచూస్తోంది. ఈలోగా కూడా అది నిలకడగా ఉండదు. కోడిగుడ్డులా సాగిన అరుణతార మనవైపు ఏ పక్క తిప్పితే దాన్నిబట్టి వెలుగు కొంచెం పెరుగుతుంది, కొంచెం తగ్గుతుంది.

మే చివరి వారం. మియాపూర్‌లో మెట్రో ఎక్కి సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో దిగాను. టికెట్ యాభై లోపే. పంజగుట్ట తర్వాతి స్టేషనే, నేరుగా వెళ్లేవాళ్లు అక్కడే దిగవచ్చు. సుధారాణి గారి బ్యాచ్ అప్పటికింకా వదల్లేదు. ఇన్‌స్టిట్యూట్ కింద మిర్చి బండి దగ్గర నిలబడ్డాను. బండి నడిపే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం కోర్సుల జేరినవ్ సార్?"

"కోర్సు కాదమ్మా, ఒకరి కోసం చూస్తున్నాను."

"అందరు గట్లనే అంటరు. మొన్న ఒకాయన పెన్షన్ వచ్చినంక పైథాన్‌ల జేరిండు. సిగ్గెందుకు, తిను."

ఏడు దాటాక సుధారాణి గారు దిగొచ్చారు. నలభై దాటిన మనిషి, చేతికి సుద్దపొడి, భుజాన లాప్‌టాప్ సంచి. షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ఇరవై. నక్షత్రం చూడ్డానికని విని డ్రైవర్ నవ్వాడు.

"పంజగుట్టకా, చుక్కలు చూడనీకా? జర సిగ్నల్ కాడ ఆగు అన్న, నీకు పట్టపగలే కనవడ్తయ్."

సిగ్నల్ దగ్గర నిజంగానే చాలాసేపు ఆగాం. అప్పటికే బాగా చీకటి పడింది. పంజగుట్టలో దిగబోతుండగా సుధారాణి గారి ఫోన్ మోగింది, రాజయ్య గారి నుంచి. ఆవిడ రెండు క్షణాలు విని, "చెప్పకండి! బాబాయ్ గారూ, చెప్పకండి!" అని అరిచారు. తర్వాత ఫోన్ కిందికి దించి, "చెప్పేశారు" అన్నారు.

ఏం చెప్పారని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "మీకూ చెప్తే ఇక ఎవరూ మిగలరు."

ఆటో దిగి సందులో నడుస్తూ వాళ్ల పద్ధతి వివరించారు. చుక్క వెలుగును కొలిచే సాధనమంటూ ఏమీ ఉండదు, కన్నే కొలుస్తుంది. పక్కనున్న నక్షత్రాల్లో దీనికన్నా కాస్త ఎక్కువ వెలిగేది ఒకటి, తక్కువ వెలిగేది ఒకటి ఎంచుకుని, మనది ఆ రెంటి మధ్య ఎక్కడుందో అంకెలో అంచనా కడతారు. ఇద్దరూ విడివిడిగా చూసి, ఎవరి ఫోన్లో వాళ్లు అంకె వేసుకుని, అప్పుడు ఒకరికొకరు చూపించుకుంటారు. ఒకరి అంకె రెండోవాళ్ల చెవిన పడితే కన్ను దానివైపే మొగ్గుతుంది. కాబట్టి ఆ సాయంత్రానికి ఆవిడ చూపు లెక్కలోకి రాదు.

రాజయ్య గారిది పంజగుట్ట మెయిన్ రోడ్డు వెనక మూడంతస్తుల ఇల్లు. డాబా మీద ఆరంగుళాల అద్దమున్న టెలిస్కోపు ఈశాన్యానికి, బేగంపేట వైపు తిరిగి ఉంది. పాత విమానాశ్రయం అటే కనుక ఆ దిక్కున దీపాలు కొంత తక్కువ. మిగతా మూడు వైపులా షోరూముల వెలుగు. "గీ లైట్లల్ల సగం నేనే పెట్టిచ్చిన. ఇప్పుడు అనుభవిస్తున్న" అన్నారాయన, నాకు నమస్కారం చేస్తూ. చేతిలో ఫోన్ వెలుగుతోంది.

"పెరిగింది సుధమ్మా. నా కండ్లతోని చూసిన. అంతర్జాతీయ గ్రూపుకు, దీన్ని చూసేటోళ్లందరికి, మెసేజ్ టైప్ చేసి వెట్టిన. నొక్కుడే ఉన్నది."

"నొక్కకండి."

"ఆగితే పది నిమిషాలల్ల ఎవడో ఒక జపానోడు పంపుతడు. నాకు సోమవారం కంటి ఆపరేషన్ బిడ్డా. ఎన్నేండ్లు చూసిన దీన్ని? అది పేలేటప్పుడు నేను కట్టు కట్టుకొని పండుకోవాల్నా?"

"తప్పుడు కబురు పంపితే రేపట్నుంచి మన అంకెల్ని ఎవరు నమ్ముతారండీ? మీవీ, నావీ కూడా."

ఆయన బొటనవేలు తెర మీదే ఉంది. ఆవిడ నా వైపు తిరిగారు. "ఈయనకి మన చుక్కేదో తెలీదు, అంకె తెలీదు. ఈయన చూస్తారు."

"పేపరాయన చూసుడా?" అన్నారు రాజయ్య గారు. కానీ పక్కకు జరిగారు.

టెలిస్కోపులో చిన్న చిన్న చుక్కలు కనిపించాయి. సుధారాణి గారు పైన ఒకటి, కుడి పక్కన ఒకటి, కింద రెండు, ఎడమ అంచున ఒకటి అని ఐదింటిని గుర్తు చెప్పారు. అందులో ఏది అసలుదో చెప్పలేదు. ఎక్కువ వెలుగు నుంచి తక్కువకు వరస చెప్పమన్నారు. ఒకదాని మీదే చూపు నిలపొద్దని, ఒకటి నుంచి ఒకదానికి దాటుతూ చూడమన్నారు. రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఒకే వరస వచ్చింది: పైది, ఎడమది, కింద రెండింట్లో మొదటిది, కుడిది, చివరగా కింద రెండోది.

అప్పుడు సుధారాణి గారు చెప్పారు. అసలు నక్షత్రం కుడిపక్కది. మామూలుగా కూడా అది నాలుగోదే. రాజయ్య గారి లెక్కలో ఆ సాయంత్రం రెండోదైంది.

"ఆయనకు అలవాటు లేదు" అన్నారు రాజయ్య గారు.

"అందుకే ఆయన్ని చూడమన్నాను. మీరు ఎంతసేపు చూశారు బాబాయ్ గారూ?"

"చీకటి పడ్డకాడికెల్లి."

"కన్ను తియ్యకుండా?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఎర్ర చుక్కను తేరిపార చూస్తే దాని వెలుగు కంటిలో పోగవుతూ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుందట. పైగా శుక్లం ముదిరిన కంటికి నీలం కన్నా ఎరుపు తేలిగ్గా అందుతుంది. ఈ రెండూ ఆవిడకు మొదట నేర్పింది ఆయనేనని తర్వాత తెలిసింది.

రాజయ్య గారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. కింద రోడ్డు మీద హారన్లు ఆగలేదు. కాసేపయ్యాక లేచి, టెలిస్కోపు దగ్గర వంగి, చూపు ఒకచోట ఆనించకుండా మూడుసార్లు చూశారు. నాలుగోసారి చూడలేదు. ఫోన్ తీసి రాసినదంతా చెరిపేశారు. ఒక్క ముక్క టైప్ చేసి నాకు చూపించారు. "మార్పు లేదు." అది పంపేశారు.

"పేలితే అందరు చూస్తరు. నేను ముందుగాల చూడాలనుకున్న, గంతే" అన్నారు.

"ఆపరేషన్ ఒక కంటికేగా? అది పేలిన రోజు టెలిస్కోపే అక్కర్లేదు, ఒక కన్ను చాలు. నేను ఫోన్ చేస్తాను" అన్నారు సుధారాణి గారు.

"చేసి?"

"డాబా ఎక్కమంటాను. అంకె మాత్రం చెప్పను."

ఆయన నవ్వారు. "మస్తు పొగరు బిడ్డా నీకు."

ఎనిమిదిన్నర దాటాక పంజగుట్ట స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. నేను వెళ్లింది ఒక నక్షత్రాన్ని నగరం నడిబొడ్డు నుంచి చూడవచ్చా లేదా తేల్చడానికి. చూడవచ్చు, చిన్న టెలిస్కోపు ఉంటే. కానీ వార్త రాసే పనిలో ఇన్నేళ్లున్నాక ఆ రాత్రి నాకు గుర్తుండిపోయింది చుక్క కాదు. ప్రపంచానికి మొదట చెప్పాలని కొన్నేళ్లుగా కాచుకున్న మనిషి, చెప్పడానికేమీ లేదని తన పేరు మీదే పంపడం. అలాంటి కబురును ఎవరూ మళ్లీ మళ్లీ చదవరు. ఏదో ఒకరోజు ఆ నక్షత్రం నిజంగా భగ్గుమంటే, అంతకుముందు వరకూ నిదానంగానే ఉందని చెప్పేవి ఇలాంటి కబుర్లే.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: ఆ రోజు ఉదయం నుంచి నక్షత్రాల గ్రూపులు, ఆప్‌లు ఏవీ తెరవకండి. ముందు మీ కంటితో చూసి, మీ అంచనా రాసుకుని, ఆ తర్వాతే ఇతరులది చదవండి.